ఊరి చరిత్ర తినొచ్చా, డాక్టరుగారూ?

తిరుపతి నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఈ వారం నా బల్లమీద అన్ని ఉత్తరాలకంటే పైన ఉంది. పేరు వేయవద్దన్నారు, వేయడం లేదు. ఉత్తరం పొడుగు. సారాంశం మాత్రం ఇది:

“డాక్టరుగారికి నమస్కారములు. మా వారికి యాభైనాలుగేళ్ళు. చక్కెర వ్యాధి వచ్చి ఆరేళ్ళయింది. పొద్దున టిఫినుకు ముందు గ్లిమిపిరైడు, మెట్‌ఫార్మిను కలిసిన మాత్ర వేసుకుంటారు. మా అన్నయ్య కొడుకు టోక్యోలో ఉద్యోగం చేస్తున్నాడు, సెలవుల్లో వచ్చాడు. అక్కడ ఊరు చూడటానికి వచ్చినవాళ్ళను వీధుల వెంట నడిపించి, బండ్ల దగ్గర ఒక్కొక్క చిరుతిండి తినిపిస్తూ ఆ ఊరి చరిత్ర చెబుతారట. ‘మామా, మన తిరుపతికి మాత్రం చరిత్ర లేదా, పద’ అని మా వారిని రెండు సాయంత్రాలు తిప్పాడు. లడ్డూ, వడ, మిరపకాయ బజ్జీలు, మసాలా బొరుగులు, సుగంధి షర్బత్తు, ఒకటీ వదల్లేదు. మూడోరోజు పరగడుపున రక్తం చూపిస్తే చక్కెర 246. ఇంట్లో పెద్ద గొడవ అయింది. బయటి తిండి పూర్తిగా మాన్పించమంటారా? వచ్చే నెల ఉపవాసం ఉండి మెట్లెక్కి కొండకు వస్తానని ఆయనకు మొక్కు కూడా ఉంది. ఫరవాలేదు కదా?”

అమ్మా, మీరు మొదట అడిగింది చిన్న ప్రశ్న. పోతూ పోతూ చివర అడిగింది పెద్ద ప్రశ్న. బజ్జీలు తిన్నందుకు గొడవ పడ్డారు గాని, నేను భయపడింది మొక్కు సంగతి చదివి. దాని జవాబు చివర చెబుతాను. మధ్యలో పేజీ తిప్పేయకండి.

ముందు మీ మేనల్లుడి పక్షాన ఒక మాట. ఆ అబ్బాయి చెప్పింది నిజమే. టోక్యోకు 1868 దాకా ఎడో అని పేరు. 1603 నుంచి అది షోగున్ల పాలనాకేంద్రం. 1657లో ఊరు దాదాపు తగలబడిపోతే తిరిగి కట్టడానికి ఎక్కడెక్కడి నుంచో పనివాళ్ళు వచ్చారు. వంటచేసి పెట్టే ఇల్లాలు పక్కన లేని మగవాళ్ళతో నిండిన ఊరికి బండి తిండే గతి. ఇవాళ పెద్ద పెద్ద హోటళ్ళలో పెట్టే సుషీ, టెంపురా ఒకప్పుడు ఆ వీధుల్లో నిలబడి తిని మూతి తుడుచుకుని పోయే సరుకే. చేపముక్కనో కూరగాయనో పిండిలో ముంచి నూనెలో వేయించే ఆ టెంపురా విద్యను జపానుకు తెచ్చింది పదహారో శతాబ్దపు పోర్చుగీసువాళ్ళు. మన మిరపకాయ బజ్జీకి వరసకు తమ్ముడన్నమాట.

అయితే ఆ ఊరి తిండితోపాటే ఒక జబ్బు కథ కూడా ఉంది. మీ మేనల్లుడు అది చెప్పాడో లేదో! పల్లెల నుంచి ఎడోకు వచ్చినవాళ్ళకు కొన్నాళ్ళకు కాళ్ళు తిమ్మిరెక్కేవి, వాచేవి, నడక తూలేది. కొందరికి గుండె దెబ్బతిని ప్రాణం పోయేది. మళ్ళీ పల్లెకు వెళితే నయమయ్యేది. అందుకని దానికి ‘ఎడో జబ్బు’ అనే పేరు పెట్టారు. కారణం ఊరి గాలీ కాదు, నీరూ కాదు. పల్లెలో ముతక ధాన్యం తిన్న మనిషి పట్నంలో బాగా దంచి తెల్లగా మెరిపించిన బియ్యం తినడం. తవుడుతోపాటు బి1 విటమిను కూడా పోయింది. 1884లో తకాకి అనే నౌకాదళ వైద్యుడు ఒక ఓడలో తెల్లన్నం తగ్గించి, బార్లీ, మాంసం, చిక్కుడు జాతి గింజలు పెంచి పంపాడు. అంతకుముందు దూర ప్రయాణం చేసిన ఓడలో ఇదే జబ్బుతో 25 మంది చనిపోతే, ఈ ఓడలో ఒక్కరూ చనిపోలేదు. అదే బెరిబెరి. మన సర్కారు జిల్లాల్లో మరపట్టిన పచ్చిబియ్యం తిన్నవాళ్ళనూ ఒకప్పుడు బాగా ఏడిపించింది.

ఎందుకింత చెప్పానంటే, ఊరి చరిత్రను తిండిలో వెతికేటప్పుడు ఆ తిండి ఎవరు, ఎంత, ఏ పనిచేసి తిన్నారన్నది కూడా వెతకాలి. అది వదిలేసి ఒక్క తిండినే పట్టుకున్నందువల్లే మీ ఇంట్లో గొడవ. నేను వైద్యం చదివింది తిరుపతిలోనే కాబట్టి, మీ వారు తిరిగిన వీధుల్లోనే నేను కూడా ఇంకోసారి తిప్పుతాను. నా వెంట వచ్చినందుకు చక్కెర పెరగదు.

మొదటి మజిలీ గుడి. తిరుమల, తిరుపతి గోడల మీద ఉన్న శాసనాలను దేవస్థానం వారు 1930లలో సంపుటాలుగా అచ్చువేయించారు. ఎక్కువ తమిళంలో ఉన్నాయి. అందులో నైవేద్యాల లెక్కలు చూస్తే వంటింటి పద్దు పుస్తకం చదివినట్టే ఉంటుంది. అప్పపడి, అతిరసపడి, వడైపడి, సుఖియన్‌పడి, మనోహరపడి! అతిరసం అంటే మన అరిసె. సుఖియం మన పూర్ణం బూరె జాతి. మనోహరం అంటే వేయించిన పిండివంటకు బెల్లం పాకం పట్టించింది. పదిహేను, పదహారు శతాబ్దాల్లో, సాళువ నరసింహుని కాలంలోనూ ఆ తర్వాతా, భక్తులు ఇచ్చిన డబ్బుతో దేవస్థానం గ్రామాల్లో చెరువులు బాగుచేయించేవారు, కాలువలు తవ్వించేవారు. పెరిగిన పంటలోంచి దాత కోరిన నైవేద్యం ఏటేటా జరిగేది. అంటే ఆ రోజుల్లో ఒక అప్పం వెనక ఒక కాలువ ఉండేది. నైవేద్యంలో నాలుగో వంతు దాతది. మిగిలింది గుడిలో సేవచేసే వాళ్ళ మధ్య పంపకం.

ఆ పంపకమన్న మాట గుర్తుపెట్టుకోండి. నేతిలో వేయించి, బెల్లం పాకం పట్టిన ఆ పిండివంట ఏదీ ఒక్క మనిషి కూచుని తినడానికి చేసింది కాదు. ఒక పడి వంటకం ఎన్ని చేతులకో పోయేది. ఒక్కొక్కరి నోటికి చేరేది ముక్కే.

తిరుమల వడ ఇంకో సంగతి చెబుతుంది. పొట్టు మినుములు, మిరియాలు, జీలకర్ర, ఉప్పు. మిరపకాయ లేదు. ఎందుకు లేదు? ఆ వంట పద్ధతి పుట్టేనాటికి ఈ దేశంలో మిరపకాయే లేదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ళ ఓడల్లో అది పదహారో శతాబ్దంలో దిగింది. వీధులన్నీ దానికి దాసోహమన్నాయి గాని గుడి వంటిల్లు మిరియాన్ని వదల్లేదు. కడుపులో మంట ఉన్నవాళ్ళు మిరియం మంచిదని గుప్పెళ్ళు వేసుకోనక్కరలేదు, అదీ ఘాటే. కాని పొట్టు మినుముల వడలో మాంసకృత్తులున్నాయి, పీచు ఉంది. మీ వారు ఆ రెండు సాయంత్రాల్లో తిన్నవాటిలో ఆయన చక్కెరకు తక్కువ అపకారం చేసింది బహుశా ఆ వడే. నూనె సంగతి వేరు, దానికి మళ్ళీ వస్తాను.

ఇక లడ్డూ. 1715 నుంచి ఉందని చెబుతారు. ఇప్పటి బూంది లడ్డూగా స్థిరపడింది 1940లలో. 2009లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దానికి సరుకుల కొలతను దిట్టం అంటారు. చాలాసార్లు అచ్చయిన లెక్క ప్రకారం 5,100 లడ్డూలకు శనగపిండి 180 కిలోలు, ఆవునెయ్యి 165 కిలోలు, పంచదార 400 కిలోలు, జీడిపప్పు 30 కిలోలు, ఎండుద్రాక్ష 16 కిలోలు, కలకండ 8 కిలోలు, యాలకులు 4 కిలోలు. కాగితం తీసుకుని భాగించి చూడండి. లడ్డూ ఒక్కింటికి పంచదార 78 గ్రాములు, నెయ్యి 32 గ్రాములు, శనగపిండి 35 గ్రాములు. పంచదార చెంచాల్లో చెప్పాలంటే పదిహేను పైచిలుకు. మొత్తం శక్తి సుమారు 750 కాలరీలు. మామూలు మనిషి ఒక పూట భోజనం కంటే ఎక్కువేగాని తక్కువ కాదు. ఇది లడ్డూను తప్పు పట్టడం కాదు. పంచిపెట్టే వస్తువుకు ఉండాల్సిన కొలతే అది. తప్పంతా మనం కొండ నుంచి డజను తెచ్చి, సగం ఊరికి పంచి, మిగతా సగం డబ్బాలో పెట్టుకుని వారం రోజులు కాఫీతో తినడంలో ఉంది.

ప్రసాదం వద్దనమని నేను చెప్పను. చెప్పినా మీరు వినరు. చెయ్యవలసిందల్లా లడ్డూను ఎనిమిది భాగాలు చేసి, అందులో ఒక్క భాగం, అదీ ఉత్త కడుపుతో కాకుండా భోజనం చివర తీసుకోవడం. పంచదార రెండు చెంచాలకు మించదు. కొండమీద దర్శనం అయిన వెంటనే ఆకలిమీద లడ్డూ విరుచుకు తినేవాళ్ళు ముందు అన్నదానానికి వెళ్ళాలి. 1985 నుంచి నిత్యాన్నదానం జరుగుతోంది. పప్పు, కూర, అన్నం తిన్నాక ప్రసాదానికి చెయ్యి చాపితే ముక్కతో తృప్తి కలుగుతుంది.

రెండో మజిలీ దారి. 1944లో మొదటి ఘాట్ రోడ్డు పడేదాకా కొండకు పోవాలంటే కాళ్ళే, కాళ్ళు లేనివాళ్ళకు డోలీ. అలిపిరి నుంచి మెట్లు 3,550, దూరం సుమారు తొమ్మిది కిలోమీటర్లు. మూటలో ఏం కట్టుకునేవారు? అటుకులు, బెల్లం, పుట్నాలపప్పు, నిప్పట్లు, పులిహోర. అన్నీ చెడిపోనివి. నీళ్ళున్న చోటే క్రిములు పెరుగుతాయి కాబట్టి పొడి తిండి నిలుస్తుంది. పులిహోరలో చింతపండు పులుపు, నూనె కాపలా కాస్తాయి. మన అమ్మమ్మలకు సూక్ష్మజీవులంటే ఏమిటో తెలియదు, మూట కట్టడం మాత్రం తెలుసు. ఇప్పటికీ దూరప్రయాణానికి ఆ మూటే మేలు. పెరుగన్నం మాత్రం ఎండలో నాలుగు గంటలు దాటితే తినకండి.

1974లో రెండో ఘాట్ రోడ్డు వచ్చింది. ఒకప్పుడు పూటంతా పట్టిన దారికి ఇప్పుడు గంట చాలు. మూట మాత్రం అలాగే ఉంది, ఇంకాస్త పెద్దదైంది కూడా. మెట్లదారి మొత్తం ఎక్కితే మనిషి బరువును బట్టి కొంచెం అటూ ఇటూగా ఒక లడ్డూకు సరిపడే శక్తి ఖర్చవుతుంది. బస్సులో కూచుంటే అయ్యే ఖర్చు టిక్కెట్టు డబ్బులే.

మూడో మజిలీకి మీ మేనల్లుడు తీసుకెళ్ళలేదనుకుంటాను, ఉత్తరంలో లేదు. గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉన్నది ఒక తిరుపతి అయితే, తాతయ్యగుంట గంగమ్మది ఇంకో తిరుపతి. జాతర రోజుల్లో అక్కడ నేతి వాసన కాదు, అంబలి వాసన. రాగి అంబలి కాచి, మజ్జిగ కలిపి, ఉల్లిపాయ ముక్కలు వేసి పోస్తారు. చిత్తూరు జిల్లా మెట్ట పొలాల్లో వానను నమ్ముకుని బతికినవాళ్ళ తిండి అది. మధ్యాహ్నం రాగి సంగటి, పక్కన చెనిక్కాయల ఊరుబిండి. పండగైతే ఓళిగలు, అలసంద వడలు. శాసనాల్లో ఈ తిండికి గోడ దొరకలేదుగాని ఊరిని మోసింది ఇదే.

వంద గ్రాముల రాగుల్లో సున్నం 340 మిల్లీగ్రాముల పైన ఉంటుంది. తెల్లబియ్యంలో పది మిల్లీగ్రాములు కూడా కష్టమే. ఇది నేనెప్పుడు చెప్పినా “మా తాత సంగటి తిని ఎనభయ్యేళ్ళు బతికాడు” అని ఎవరో ఒకరు రాస్తారు. రాసేవాళ్ళ ఇంట్లో వండేది మాత్రం తెల్లన్నం! 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక మన మెట్ట పల్లెల్లో సంగటి తెడ్డు మూలపడింది. ఆకలి తీర్చిన బియ్యాన్ని నేను తప్పు పట్టను. ఆ ఆకలిని చూసినవాడెవడూ తప్పు పట్టడు. కాని ఎడోకు వచ్చిన పల్లెటూరి మనిషి సంగతి చూడండి. అతనికీ తెల్లన్నం గొప్ప అదృష్టంగానే కనిపించి ఉంటుంది. అతనికి బెరిబెరి వచ్చింది. మనకు పప్పూ కూరా కొంత ఉన్నాయి కాబట్టి ఆ జబ్బు రాలేదు. దాని బదులు ఇంకొకటి వచ్చింది. మూడు పూటలా తెల్లటి పిండిపదార్థం, దాన్ని కరిగించే కాయకష్టం లేకపోవడం, వంశంలో కాస్త ఆ వాసన. మీ వారి ఆరేళ్ళ చక్కెరకు పునాది అక్కడ పడింది, రెండు సాయంత్రాల బజ్జీల్లో కాదు.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. రాగి అంటే చాలు చక్కెర పెరగదనుకుంటారు. మెత్తటి పిండిని పల్చగా కాచి, పంచదారో బెల్లమో వేసుకుని గ్లాసు నిండా తాగితే అన్నం తిన్నట్టే గబగబా పెరుగుతుంది. సంగటి ముద్ద అయితే పిడికెడు, దానికి రెట్టింపు ఆకుకూర పప్పు. అంబలి అయితే తీపి లేకుండా, మజ్జిగతో. బెల్లం కూడా అంతే. చిత్తూరు బెల్లానికి ఎంత పేరున్నా క్లోమగ్రంథికి అది పంచదార అక్క కూతురే. కొనేటప్పుడు పాలలా తెల్లగా మెరిసేది కాక ముదురు రంగుది చూసుకోండి. తెలుపు కోసం హైడ్రోసు అనే మందు కలుపుతుంటారు.

చెనిక్కాయ మనదే అనుకుంటాం గాని అదీ దక్షిణ అమెరికా నుంచి వచ్చిందే. వచ్చి మన ఎర్రనేలను ఏలుకుంది. ఉడికించినవో వేయించినవో ఒక గుప్పెడు చక్కెర రోగికి చక్కటి సాయంకాలపు తిండి. చేదుగా ఉన్నవి, బూజు పట్టినవి, ముడుచుకుని నల్లబడినవి మాత్రం ఉమ్మేయాలి. ఆ బూజులో ఉండే అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయాన్ని పాడుచేస్తుంది. “పారేయడం ఎందుకు, చట్నీ చేద్దాం” అనే పొదుపు ఇక్కడ పనికిరాదు. వేయిస్తే ఆ విషం పోదు.

నాలుగో మజిలీ, సాయంత్రం ఆరు దాటాక గాంధీ రోడ్డు, నాలుగుకాళ్ళ మండపం వైపు. రైలు, బస్సు, కాలేజీలు, ఆస్పత్రులు వచ్చి యాత్రికుల ఊరు కాస్తా ఉద్యోగుల, విద్యార్థుల ఊరైంది. 1954లో విశ్వవిద్యాలయం, 1960లో మా మెడికల్ కాలేజీ. ఇంటికి దూరంగా ఉన్న కుర్రవాళ్ళు ఉన్నచోట బజ్జీల బండి మొలవక తప్పదు, ఎడో అయినా తిరుపతి అయినా. ఆ బజ్జీ పుట్టుక చూడండి: మిరపకాయ అమెరికాది, ఆలుగడ్డ అమెరికాది, నూనె తీసిన చెనిక్కాయ అమెరికాది, చట్నీలో టమాటా అమెరికాది. మనదంటూ ఉన్నది శనగపిండీ, ఆవురావురుమనే మన నాలుకా!

నేను హాస్టల్లో ఉన్న రోజుల్లో ఒక బండి దగ్గర నెలరోజులు ఖాతా పెట్టుకుని తిన్నాను. ఏ బండి అని అడక్కండి. నెల తిరిగేసరికి కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లు! పరీక్షలు పోయాయి, ఆరు వారాలు మంచం. అమ్మ బజ్జీలను తిట్టింది. తర్వాత పాఠం చదివితే తెలిసింది, నేరం బజ్జీది కాదు, పక్కనున్న చట్నీది. సలసల కాగే నూనెలోంచి అప్పుడే తీసిన బజ్జీమీద ఏ క్రిమీ బతకదు. చట్నీలో కలిపిన నీళ్ళు, కోసి ఉంచిన ఉల్లిపాయ, గ్లాసు ముంచిన బకెట్టు, షర్బత్తులో వేసే ఐసు, వీటిద్వారా కామెర్లు, టైఫాయిడ్, విరేచనాలు వస్తాయి. కాబట్టి వీధిలో తినేవాళ్ళకు నా మొదటి సూత్రం: మీ కళ్ళముందు వేడిగా దిగినది తినండి, చట్నీ వదిలేయండి. తోతాపురి మామిడికాయ ముక్క కావాలంటే అప్పుడే కోయించుకోండి, ఉప్పుకారం అద్దుకోండి, కోసి నీళ్ళు చల్లి ఉంచినవి వద్దు. రక్తపోటు ఉన్నవాళ్ళు ఆ ఉప్పు కూడా వద్దు.

ఇక నూనె. పొద్దున పోసిన నూనెను రాత్రిదాకా, మిగిలినదాన్ని మర్నాటి కొత్త నూనెలో కలిపి కాచడం వల్ల అది విరిగి గుండెకు, కడుపుకు చెడు చేసే పదార్థాలుగా మారుతుంది. వాటి మొత్తం వందకు 25 పాళ్ళు దాటిన నూనెను వాడకూడదని 2018 నుంచి చట్టం ఉంది. ఆ కొలత మనం వీధిలో చూడలేం. చూడగలిగిందేమిటంటే నల్లబడి జిగటగా ఉందా, పైన నురుగు తగ్గకుండా ఉందా, మంట పెంచకముందే పొగ వస్తోందా? ఈ మూడింటిలో ఏది కనిపించినా పక్క బండికి నడవండి. అచ్చువేసిన కాగితంలో పొట్లం కట్టించుకోకండి. వేడి నూనెకు సిరా కరుగుతుంది. ఈ మాట పత్రికలో రాస్తున్నందుకు సంపాదకులు కోప్పడరనుకుంటాను. అరిటాకు ముక్కో, ఇంటినుంచి తెచ్చిన గిన్నో మేలు.

బొరుగుల విషయంలో మీ వారు మోసపోయి ఉంటారు. “తేలిక కదా, గాలే కదా” అనుకుంటారు అందరూ. బొరుగులు బియ్యమే. పొంగిన బియ్యం గబుక్కున అరిగి రక్తంలో చక్కెరను గబుక్కున లేపుతుంది. సగానికి సగం చెనిక్కాయలు, ఉల్లిపాయ, కీరా వేసుకుని చిన్న పొట్లం అయితే సరే. సుగంధి షర్బత్తులో వేరు మంచిదే కావచ్చు, దానితో వచ్చే పాకం మటుకు పంచదారది. ఎర్రరంగు పూసిన గోబీ మంచూరియా, నూడుల్సు, మీ మేనల్లుడు పుట్టాక వచ్చిన చరిత్ర కాబట్టి అతన్నే తిననివ్వండి.

ఇప్పుడు 246 సంగతి. రెండు రోజుల చిరుతిళ్ళతో పరగడుపు చక్కెర ఒక్కసారిగా అంత ఎత్తుకు పోవడం అరుదు. ముందునుంచే అదుపులో లేదని నా అనుమానం. మూడు నెలల సగటు చెప్పే హెచ్.బి.ఎ.1.సి. పరీక్ష వెంటనే చేయించండి. చాలామందికి అది ఏడు లోపల ఉండాలి. ఎనిమిదో తొమ్మిదో వస్తే మాత్రల మోతాదు మీ డాక్టరుగారు చూస్తారు. బజ్జీల మీద, మేనల్లుడి మీద కేసు కొట్టేయండి. బయటి తిండి పూర్తిగా మాన్పించకండి కూడా. మాన్పిస్తే మగవాళ్ళు ఏం చేస్తారో ముప్పయ్యేళ్ళుగా చూస్తున్నాను. ఇంట్లో చెప్పకుండా తింటారు, మీకు తెలిసేది రక్తపరీక్షలోనే. వారానికి ఒక సాయంత్రం, ఒక్క వస్తువు, ఇద్దరూ సగం సగం, తిన్నాక ఇరవై నిమిషాలు నడక. తిన్న వెంటనే నడిస్తే చక్కెర ఎక్కువ ఎత్తుకు లేవదు.

ఇక మొక్కు. గ్లిమిపిరైడు అనే మందు మీరు తిన్నా తినకపోయినా క్లోమాన్ని పిండి ఇన్సులిన్ తీస్తుంది. ఆ మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా, మూడున్నర వేల మెట్లు ఎక్కితే రక్తంలో చక్కెర పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండెదడ, కళ్ళు మసకలు, అర్థంలేని మాటలు, చివరికి స్పృహ తప్పడం. పెరిగిన చక్కెర ఏళ్ళ తరబడి హాని చేస్తుంది. పడిపోయిన చక్కెర గంటలో ప్రాణం తీయగలదు. మెట్లమీద చెమట పట్టడం మామూలే కాబట్టి పక్కవాళ్ళు అలసట అనుకుంటారు. అదే ప్రమాదం. ఉపవాసం బదులు ఏం చేయవచ్చో మీ ఇంటి పెద్దలను, పురోహితుణ్ణి అడగండి. అది నా శాస్త్రం కాదు. ఆ మాత్ర కడుపులో ఉండగా ఉత్త కడుపుతో ఎక్కకూడదన్నది మాత్రం నా శాస్త్రమే. ఆ రోజుకు మాత్ర తగ్గించాలా, మానాలా అన్నది మీ డాక్టరుగారే రాసివ్వాలి. మీకు మీరు మానేయకండి.

ఎక్కే ముందు వారం రోజుల్లో పరగడుపు చక్కెర 250కి అటూ ఇటూగానే ఉంటే మొక్కు వాయిదా వేయండి. యాభై దాటిన చక్కెర రోగికి గుండె పరీక్ష, ఇ.సి.జి. కూడా అవసరం. వీళ్ళలో గుండెపోటు ఒక్కోసారి నొప్పి లేకుండా, ఉత్త ఆయాసంగా వస్తుంది. మోకాళ్ళ మెట్టు దగ్గర అందరికీ ఆయాసం వస్తుంది. ఆగితే అయిదు నిమిషాల్లో తగ్గని ఆయాసం, ఛాతీలో బరువు, దవడ లాగడం ఉంటే ఇక ఒక్క మెట్టు కూడా ఎక్కకుండా సహాయం పిలవాలి.

పాదాల మాట ఎవరూ తలచుకోరు. కొండకు చెప్పుల్లేకుండా ఎక్కుతారు. చక్కెర వల్ల పాదాలు మొద్దుబారినవాళ్ళకు కాలిన రాయి చురుక్కుమనదు, గుచ్చుకున్న ముల్లు తెలియదు. ఇంటికొచ్చి మూడోరోజు పుండు కనిపిస్తుంది. అలా మొదలైన పుండుతో కాలివేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళను నేను చూశాను. ముందుగా పాదాల స్పర్శ పరీక్ష చేయించండి. స్పర్శ తగ్గి ఉంటే ఉత్తకాళ్ళతో ఎక్కడం వద్దే వద్దు. బాగానే ఉంటే మందపాటి నూలు మేజోళ్ళతో, రాయి కాలకముందే, తెల్లవారుజామున ఎక్కనివ్వండి. ఇంటికి వచ్చాక అరికాళ్ళు, వేళ్ళ సందులు మీరే వెలుతుర్లో చూడండి.

దారిలో గంటకోసారి గ్లూకోమీటరుతో చూడాలి. 70 లోపలికి వస్తే, లేదా వణుకు చెమటలు మొదలైతే, అక్కడే కూచోబెట్టి మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి. పదిహేను నిమిషాలకు మళ్ళీ చూడండి. పెరగకపోతే మళ్ళీ ఇవ్వండి. పెరిగాక కూడా నాలుగు బిస్కట్లో ఇడ్లీయో తినాలి, ఎందుకంటే ఈ మందు మళ్ళీ గంటల తర్వాత కూడా చక్కెరను పడగొట్టగలదు. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకండి, ఆస్పత్రికే. ఇంకొక్క సంగతి: అలాంటి సమయంలో చేతిలో ఉన్న లడ్డూ పెడదామనిపిస్తుంది. అందులో పంచదార ఉన్నా నెయ్యి దాన్ని త్వరగా ఒంట పట్టనివ్వదు. పానకం, గ్లూకోజు, ఉత్త పంచదార పనిచేసినంత త్వరగా అది పనిచేయదు.

మీ వారిని ఒంటరిగా పంపకండి. మేనల్లుడి సెలవు అప్పటిదాకా ఉంటే అతన్నే వెంట పంపండి, దారిలో మెట్ల కథలు కూడా చెబుతాడు. గ్లూకోమీటరూ, పంచదార పొట్లమూ అతని జేబులో ఉంచండి. మామగారి సంచి అడుగున, బట్టల కింద పెట్టవద్దు.